'కఫ్ఫారా', 'ప్రాయశ్చిత్తము': కర్తృవిచారము

తెలుగును ఉర్దూయు ఇరుగుపొరుగున వినవచ్చు బొల్లారమువంటి తావులందు, పాపక్షమాపణను గూర్చిన క్రైస్తవ విశ్వాసమును ముస్లిములకు వివరించువాడు మొదట పదమునొద్దనే చిక్కుపడును. శిలువమరణమును ఖురాను నాలుగవ సూరా అంగీకరింపదు. ఆ వివాదమటుండగా, పదమును మాత్రమే యిచట విచారింతుము.

హెన్రీ మార్టిను మరణించిన (1812) పిదప ఆతని ఉర్దూ నూతన నిబంధనము 1814లో శ్రీరాంపురమున అచ్చుపడెను. ఆతని పేర 1930లో లాహోరున నెలకొన్న ఇస్లామధ్యయన సంస్థ 1971లో హైదరాబాదునకు తరలివచ్చెను.

ఇప్పటి ఉర్దూ బైబిలు క్రీస్తును పాపములకు 'కఫ్ఫారా' యనుచున్నది. ఖురాను ఐదవ సూరా ననుసరించి, ప్రమాణభంగమునకు కఫ్ఫారా యనగా పదిమంది పేదలకు అన్నమో వస్త్రమో యొసగుట, లేదా బానిసను విడిపించుట. శక్తి లేనిచో మూడు దినములు ఉపవసించుట. ఇందు కర్త దోషియే. ఒకరి భారము నొకరు మోయరని ఆరవ సూరా చెప్పుచున్నది. కావున పరుడొకడు కఫ్ఫారా యగుట ముస్లిము శ్రోతకు పొసగదు.

తెలుగునను ఇదే చిక్కు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున ప్రాయశ్చిత్తము చేసికొనువాడు దోషియే. తెలుగు బైబిలు లేవీయకాండమున ఆ పదమునే గ్రహించి యాజకుని కర్తగా నిలిపినది; యోహాను మొదటి పత్రికలో 'శాంతికరము' అను వేఱు పదమును వాడినది.

దేవుడు క్షమాశీలుడనుటలో ఉభయులకును భేదము లేదు. తౌబా చేసినవానిని మన్నించుటకు బలి యేల యని ముస్లిము ప్రశ్న. ఆ బలిని దేవుడే సమకూర్చెనని క్రైస్తవుని యుత్తరము. పదమునందలి కర్త యెవ్వరో ముందుగా తేల్చనిదే యీ సంవాదము ముందుకు సాగదని మా నిశ్చయము.