ఓవెన్ విన్ ఓవెన్: ఇసుకలోంచి లేచిన రేసు కారు

ఓవెన్ విన్ ఓవెన్ వేల్స్‌కు చెందిన ఇంజనీరింగ్ అధ్యాపకుడు, మెకానిక్. 1927లో సముద్రతీరాన పూడ్చిపెట్టిన ‘బ్యాబ్స్’ అనే రేసు కారును 1969లో తవ్వి తీసి, దాదాపు 15 ఏళ్లు శ్రమించి మళ్లీ నడిపించాడు. పాత రేసు కార్ల పునరుద్ధరణ చరిత్రలో ఇంత ఓపికా ఇంత తెగువా ఒకేచోట కనిపించే ఉదాహరణలు అరుదు.

ఆ కారు కథ ఓవెన్ కంటే చాలా ముందే మొదలైంది. కౌంట్ లూయీ జ్‌బొరోవ్‌స్కీ అనే శ్రీమంతుడికి విమాన ఇంజన్లతో రేసు కార్లు కట్టించే సరదా ఉండేది. ఆయన కార్లలో ‘చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’ పేరు తర్వాత పిల్లల కథగా, సినిమాగా ప్రపంచానికి తెలిసింది. అదే వరసలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, తన సొంత ఎస్టేటులో తయారు చేయించినది ‘హైయమ్ స్పెషల్’. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రూపొందించిన లిబర్టీ విమాన ఇంజన్‌ను దానికి అమర్చారు. 12 సిలిండర్లు, 27 లీటర్లు, సుమారు 450 అశ్వశక్తి. అంటే ఒక్కో సిలిండరే రెండుంపావు లీటర్లు. నేడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కారు మొత్తం ఇంజన్ కంటే అందులోని ఒక్క సిలిండరు పెద్దది. ఆ శక్తిని వెనక చక్రాలకు అందించేవి రెండు గొలుసులు.

1924 అక్టోబరులో ఇటలీలోని మోంజా పందెంలో జ్‌బొరోవ్‌స్కీ మరణించాడు. కారును 125 పౌండ్లకు కొన్నవాడు జె. జి. ప్యారీ థామస్. లేలాండ్ మోటార్స్‌లో ముఖ్య ఇంజనీరుగా పనిచేసిన ఈ వేల్స్ మనిషి, ఉద్యోగం వదిలి బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ పక్కనే కాపురం పెట్టాడు. కార్బురేటర్లు మార్చాడు, పిస్టన్లు తానే రూపొందించాడు, కారుకు బ్యాబ్స్ అని ముద్దుపేరు పెట్టాడు. 1926 ఏప్రిల్ 27, 28 తేదీల్లో వేల్స్‌లోని పెండైన్ తీరాన వరసగా ప్రపంచ వేగ రికార్డులు సాధించాడు. రెండో రోజు వేగం గంటకు సుమారు 171 మైళ్లు, అంటే 275 కిలోమీటర్లు.

ఏడాది తిరగకముందే మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే తీరాన 174 మైళ్లు దాటాడు. రికార్డు తిరిగి గెలవాలని 1927 మార్చి 3న థామస్ మళ్లీ పెండైన్ ఇసుక మీదికి దిగాడు. కారు అదుపు తప్పి దొర్లింది, ఆయన అక్కడికక్కడే మరణించాడు. నేల మీద వేగ రికార్డు కోసం ప్రయత్నిస్తూ చనిపోయిన తొలి డ్రైవరు ఆయనే. మిత్రులు కారును ఆ ఇసుకదిబ్బల్లోనే పూడ్చిపెట్టారు. గొలుసు తెగి మెడకు తగలడం వల్లే ప్రాణం పోయిందన్న మాట దశాబ్దాలపాటు పుస్తకాల్లో నిలిచిపోయింది.

నలభై రెండేళ్ల తర్వాత ఆ స్థలం రక్షణ శాఖ చేతిలో, ఆయుధ పరీక్షల భూమిగా ఉంది. ఓవెన్ అప్పుడు బ్యాంగర్‌లో పాఠాలు చెబుతూ, స్నోడోనియా కొండల్లోని కాపెల్ కురిగ్ అనే ఊళ్లో ఉండేవాడు. కారును తవ్వడానికి ముందు ఆయన అనుమతులు సంపాదించాల్సి వచ్చింది. ఇది సమాధిని కదపడమేనన్న అభ్యంతరం కూడా ఎదురైంది. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం. అయితే థామస్ బ్రతుకంతా యంత్రాన్ని మెరుగుపరచడంలోనే గడిచింది. ఆయన చేతిపనిని ఉప్పుకు వదిలేయడం కంటే నిలబెట్టడమే ఆయనకు తగిన గౌరవం.

బయటపడినది కారు కాదు, తుప్పు పట్టిన అవశేషం. ఉప్పునీటి తడిలో ఉక్కును ఆనుకుని ఉన్న అల్యూమినియం త్వరగా తినేయబడుతుంది. పైరేకు చాలావరకు పోయింది. చట్రం, ఇంజన్ భాగాలు మాత్రం పనికొచ్చే స్థితిలో దొరికాయి. ఒక మేలు ఏమిటంటే లిబర్టీ ఇంజన్లు ఇరవై వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరికే వీలుంది. మిగతాది పాత ఫొటోలు చూసి, కొలతలు వేసి మళ్లీ చేసుకోవలసిందే.

ఓవెన్‌ను చరిత్రకారుడిగానూ తలచుకోవాల్సింది ఇక్కడే. బయటికొచ్చిన భాగాలను పరిశీలించాక పాత కథ మీద అనుమానం బలపడింది. కుడివైపు వెనక చక్రం విరిగిపోవడమే ప్రమాదానికి మూలమని, గొలుసు తెగడం ఆ తర్వాత జరిగి ఉండవచ్చని ఇప్పుడు పలువురు భావిస్తున్నారు. కారు ఇసుకలోనే ఉండిపోతే ఆ సాక్ష్యం ఎవరికీ అందేది కాదు.

ఈ తరహా శ్రద్ధకు ఇంగ్లండ్‌లో సంస్థాగతమైన అండ ముందునుంచీ ఉంది. వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ 1934లోనే పుట్టింది. 1931కి ముందు తయారైన కార్లను వింటేజ్ అని లెక్కించే పద్ధతి దానిదే. మన వైపు చూస్తే, కోయంబత్తూరులోని తెలుగు కుటుంబంలో పుట్టిన జి. డి. నాయుడు స్మృతిని నిలిపే సంస్థ అక్కడ 2015లో జీడీ కార్ల మ్యూజియం తెరిచింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం తయారైన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అవి రాచఠీవి కార్లు, సేకరణ కార్లు. పందెపు కార్లు మాత్రం మన దగ్గర ఎక్కువగా షెడ్లలోనే విడిభాగాలుగా చెదిరిపోయాయి. చెన్నై దగ్గరి షోళవరం రేసు ట్రాక్ మీద పరుగెత్తినవాటి ఫొటోలు, లాగ్‌బుక్కులు ఎవరింట్లోనైనా ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి. రేపటి ఓవెన్‌కు ముందుగా కావలసినవి అవే.

ఓవెన్ 2012లో కన్నుమూశాడు. పెండైన్ తీరాన 1996లో వెలిసిన వేగ మ్యూజియం స్థానంలో 2023లో కొత్త భవనం తెరుచుకుంది. ఆయన నిలబెట్టిన బ్యాబ్స్‌ను పెండైన్‌లోనూ, ఒకప్పుడు అది పరుగెత్తిన బ్రూక్‌లాండ్స్‌లోనూ ప్రదర్శించారు.