వెబ్‌పేజీ కోడ్: ఏ తప్పు పర్వాలేదు? ఏ ‘సర్దుబాటు’ జనాన్ని తిప్పిస్తుంది?

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆళ్లగడ్డ నుంచి జిల్లా కేంద్రానికి ఇప్పుడు సుమారు 40 కిలోమీటర్లే. అయినా ఉద్యోగ నోటిఫికేషన్ కోసం బస్సెక్కే ముందు ఎవరైనా చూసేది ఫోనే. మరి ఆ పేజీ తెరపై కనిపిస్తే చాలా? దాని వెనకున్న కోడ్ కూడా సరిగ్గా ఉండాలా?

కోడ్ సరిగ్గా ఉండటం అంటే?

వెబ్‌పేజీని హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో రాస్తారు. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బటన్ అని బ్రౌజర్‌కు చెప్పేవి ఇవే. డబ్ల్యూ3సీ ఉచిత వ్యాలిడేటర్‌లో పేజీ చిరునామా ఇస్తే కోడ్‌లోని తప్పులు చూపిస్తుంది.

అన్ని తప్పులూ ఒకటేనా?

కాదు. ఒక ట్యాగ్ మూయడం మరిచినా బ్రౌజర్ సర్దుకుంటుంది. ఎలా సర్దుకోవాలో హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఉంది. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకాలు ఇలాంటి తప్పులకు సంబంధించిన ‘పార్సింగ్’ నిబంధనను తొలగించాయి కూడా.

మరి ఇబ్బంది ఎక్కడ?

‘కనిపిస్తోందిగా, చాల్లే’ అని చేసే పనులతోనే.

* స్కాన్ పీడీఎఫ్: సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెడితే అది ఫొటో మాత్రమే. అందులోని మాటను వెతకలేం. చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు.
* పాత ఫాంట్లు: అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది.
* పేరు లేని గడులు: దరఖాస్తు గడికి కోడ్‌లో పేరు జతచేయకపోతే, అక్కడ ఏం నింపాలో స్క్రీన్ రీడర్ వాడేవారికి తెలియదు.

స్కాన్ పీడీఎఫ్ పెట్టిన పేజీకి వ్యాలిడేటర్‌లో ‘సున్నా తప్పులు’ రావచ్చు. అంటే ఆ పరీక్ష పాసైతే సరిపోదు.

చట్టం ఏం చెబుతోంది?

సమాచారం దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది.

మీరేం చేయొచ్చు?

నోటీసులోని ఒక మాటపై వేలు నొక్కి పట్టుకోండి. మాట ఎంపికైతే సాధారణంగా అది అక్షరమే. కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే తెలుగు తెలుగుగానే రావాలి. అది ఫొటో అయితే గూగుల్ లెన్స్‌తో చదివించుకోవచ్చు. కానీ చివరి తేదీ, ఫీజు, వయోపరిమితి మాత్రం అసలు ప్రతితో సరిచూసుకోండి.

సమస్య ఉంటే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో గానీ, 1100కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు. ఏ నోటీసో, ఏ పేజీలో ఉందో చెప్పి, టైప్ చేసిన ప్రతి కావాలని అడగండి.

కార్యాలయాలు స్కాన్ మానేయాల్సిన పనిలేదు. సంతకమున్న స్కాన్ పక్కనే యూనికోడ్‌లో టైప్ చేసిన ప్రతినీ పెడితే చాలు.