గేటు దగ్గర హాజరేస్తేనే సగం జీతం

పటాన్‌చెరు, పాశమైలారం వైపు పని పోవడం రోజూ ఉండేదే. కానీ "నిరుద్యోగి" అనిపించుకోవడం మాత్రం అంత తేలిక కాదండీ, దానికి చట్టం ఒప్పుకోవాలి. టెంపరరీ పనోళ్ల విషయంలో చట్టం ఎప్పుడూ ఒప్పుకోనట్టే ఉంటుంది.

1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ పరిహారం చేర్చారు. ముడిసరుకు లేకో, మెషిన్ చెడిపోయో కంపెనీ కొన్నాళ్లు పని ఇవ్వలేకపోతే, దాన్ని లేఆఫ్ అంటారు (మనవాళ్లు వాడే అర్థం వేరు). ఆ రోజులకి బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలన్నారు. బాగానే ఉంది కదా? ఇప్పుడు కండిషన్లు చూడండి. ఏడాది సర్వీసు ఉండాలి, అంటే లెక్కకి 240 రోజుల పని. బదిలీ కార్మికులకీ, క్యాజువల్ వాళ్లకీ లేదు. పైగా పని లేకపోయినా రోజుకొకసారి డ్యూటీ టైములో కంపెనీకొచ్చి హాజరు చూపించాలి. రాకపోతే ఆ రోజు సగం జీతం గోవిందా. అంటే ఈలోపు అడ్డా మీద నాలుగు రోజుల కూలి దొరికినా వెళ్తే ఒక నష్టం, వెళ్లకపోతే ఇంకో నష్టం. మన బెంచ్ లాంటిదే అనుకోండి, కాకపోతే బెంచ్ మీద మనకి జీతం మొత్తం వస్తుంది :-)

విచిత్రమేమిటంటే, 1911లో బ్రిటన్ నిరుద్యోగ బీమా మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్నది భవన నిర్మాణం, ఓడల తయారీ లాంటి పనులనే. అంటే నాలుగు నెలలు పని, రెండు నెలలు ఖాళీ అనే బాపతు. వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాల దాకా. పని ఆగుతూ సాగుతూ ఉండేవాళ్లకే బీమా అవసరమని వాళ్లకి తట్టింది. మన దగ్గర అలాంటివాళ్లనే ముందు బయట పెట్టారు.

తర్వాత 1984 సవరణ వచ్చింది. కాంట్రాక్టు గడువు ముగిసి రెన్యూ చేయకపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందకి రాదన్నారు. పటాన్‌చెరు బెల్టులో మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు నిండుతున్న కాలం అది. చూడటానికి ఒక్క క్లాజు, అంతే. కానీ దాని దెబ్బ ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

2005 ఏప్రిల్ 1న ఈఎస్ఐ కింద రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన మొదలైంది. ఉద్యోగం పోతే ఆరు నెలలు సగం జీతం. అయితే మొదట్లో ఐదేళ్ల చందా కట్టి ఉండాలి, ఉద్యోగం పోవడానికి కారణం ఫ్యాక్టరీ మూతపడటమో, రిట్రెంచ్‌మెంటో, శాశ్వత అంగవైకల్యమో కావాలి. కాంట్రాక్టర్ మనిషి సంగతేంటి? కంపెనీ మూతపడలేదు, శుభ్రంగా నడుస్తోంది. రిట్రెంచ్ చేయలేదు, కాంట్రాక్టు అయిపోయిందంతే. చందా మాత్రం ప్రతి నెలా కోశారు.

2018 జూలై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడాలన్న షరతు లేదు, అది నిజంగా మంచి మార్పే. సగటు సంపాదనలో 25 శాతం, గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒకేసారి. రెండేళ్ల బీమా ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని ఏడాదిని రెండుగా చేసి, అలాంటి నాలుగు అర్ధసంవత్సరాల్లోనూ ఒక్కోదానిలో 78 రోజుల చందా పడాలి.

నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి పాశమైలారంలో చేసే మనిషి ఏప్రిల్, మే పనిచేసి, వానలు పడగానే విత్తనాలకి ఊరెళ్లి, దసరాకి తిరిగొచ్చాడనుకోండి. ఆదివారాలు కలిపినా 61 రోజులే. ఆ ఆరు నెలలు ఫెయిల్. కాంట్రాక్టర్ మారినప్పుడు పాత ఈఎస్ఐ నంబర్ ఇవ్వకుండా కొత్తది తెరిపించారా, పాత చందా వేరే రికార్డులో ఉండిపోతుంది. డూప్లికేట్ ప్రైమరీ కీ సమస్య మనకి తెలియంది కాదు, కానీ ఇక్కడ పోయేది ఒక మనిషి మూడు నెలల తిండి.

2020లో అందరికీ కళ్లు తెరుచుకున్నాయి. ఏప్రిల్ 29న కందిలో ఐఐటీ క్యాంపస్ కడుతున్న వలస కూలీలు ఊళ్లకి పంపమని రోడ్డెక్కారు. పోలీసులతో గొడవైంది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకి, సుమారు 1,200 మందితో దేశంలోనే తొలి శ్రామిక్ రైలు బయల్దేరింది. ఆగస్టులో ఈఎస్ఐ షరతులు సడలించింది. 25 శాతం కాస్తా 50 అయింది, 90 రోజులకి బదులు 30 రోజుల తర్వాతే అడగొచ్చన్నారు, యజమాని సంతకం కోసం తిరగక్కర్లేదన్నారు. 78 రోజులు నాలుగింటిలో కాదు, రెండింటిలో ఉంటే చాలన్నారు. అయితే ఆ రెండింటిలో ఒకటి పని పోవడానికి ముందు అర్ధసంవత్సరమే అయి ఉండాలి. మన నారాయణఖేడ్ మనిషికి మార్చిలో పని పోతే, ముందుది ఆ 61 రోజులదే!

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 1947 చట్టం పోయింది. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అన్నారు, అది మేలే. రిట్రెంచ్ అయినవాళ్లకి కొత్త పని నేర్చుకోవడానికి 15 రోజుల జీతం ఇచ్చే నిధి కూడా పెట్టారు. అయితే రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలో 1984 నాటి మినహాయింపు అలాగే ఉంది, పక్కనే ఇంకోటి చేర్చారు: గడువు ఉద్యోగం గడువు ముగియడం కూడా రిట్రెంచ్‌మెంట్ కాదట.