ఆగిన బండిని మోసే బండి

నడిచే ట్రాక్టర్‌ను మోయాల్సిన పని ఎవరికీ పడదు. ఇంజను బిగుసుకుపోయి, చింతచెట్టు కింద ఏళ్ల తరబడి మూలపడి ఉన్నదాంతోనే తంటా. పాత 35 హార్స్‌పవర్ బండి సుమారు 1,700 కిలోలు తూగుతుంది. పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపించి ఉంటే ఇంకో మూడు వందల కిలోల దాకా కలుపుకోవాలి. ముందు టైర్లలో గాలి ఉండదు. బ్రేకు పట్టేసి ఉంటుంది. బాగుచేసే షెడ్డేమో ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తాడు కట్టి ఇంకో ట్రాక్టర్‌తో లాగుదామంటే చక్రాలు తిరగాలి కదా!

ఇప్పుడైతే ఫోను కొడితే లోబెడ్ ట్రెయిలర్ వస్తుంది, వించ్ వస్తుంది, క్రేన్ వస్తుంది. వీటి వెనక నూట యాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ఇంకా పెద్ద ఇంజను, ఇంకా ఎక్కువ బలం అంటూ సాగే కథ కాదది. లాగేవాడు ఎక్కడ నిలబడాలి, బరువు ఎవరి మీద పడాలి, ట్రెయిలర్ పలక నేలకు ఎంత దగ్గరగా ఉండాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. వాటికి జవాబులు వెతికినవాళ్లలో ఎక్కువమంది చేతికి మసి అంటినవాళ్లే.

మొదటి ప్రశ్నకు జవాబు పొలంలోనే దొరికింది. జాన్ ఫౌలర్ అనే ఆంగ్లేయుడు 1849లో ఐర్లండు వెళ్లి అక్కడి బంగాళదుంప కరువును కళ్లారా చూశాడు. నీరు నిలిచే నేలలను సాగులోకి తేవాలంటే భూమి అడుగున మురుగు కాలువలు తీయాలని, అందుకొక నాగలి తయారుచేశాడు. దాన్ని లాగడానికి గుర్రాల బలం చాలక ఆవిరి యంత్రం వైపు మళ్లాడు. ఆ కాలపు ఆవిరి యంత్రాలు టన్నుల కొద్దీ బరువు. దున్నిన నేలలోకి దింపితే దిగబడిపోవడం ఖాయం. అందుకని ఆయన యంత్రాన్ని పొలంలోకి దింపనే లేదు. గట్టి నేల మీద ఓ అంచున నిలిపి, దాని డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తాడుతో నాగలిని తన వైపు లాక్కునే ఏర్పాటు చేశాడు. ఆవిరితో దున్నడం గుర్రాలతో దున్నడం కంటే చవక అని నిరూపించినవారికి ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘం 500 పౌండ్ల బహుమతి ప్రకటించి ఉంది. 1858లో అది ఫౌలర్‌కు దక్కింది. 1860ల్లో చేనుకు రెండు అంచుల్లోనూ చెరో ఇంజను నిలిపి, మధ్యలో నాగలిని అటూ ఇటూ లాగే పద్ధతి స్థిరపడింది. ఆ వైభవం ఎక్కువకాలం చూడకుండానే ఫౌలర్ 1864లో వేటకు వెళ్లి గుర్రం మీది నుంచి పడ్డాడు. గాయానికి ధనుర్వాతం సోకి 38 ఏళ్లకే పోయాడు.

బరువును లాగాలంటే దాని దగ్గరికి వెళ్లకూడదు, గట్టి చోట నిలబడి తాడును పంపాలి. ఆయన మిగిల్చిన పాఠం ఇది. ఆ ఇంజన్లు దున్నడానికే పుట్టినా, పక్కన దిగబడ్డ మరో ఇంజనును బయటికి లాగడానికి వాటిని మించినవి ఉండేవి కావు. గోదావరి డెల్టా రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. దమ్ము చేస్తూ దిగబడ్డ ట్రాక్టర్ కోసం రెండోదాన్ని మడిలోకి దింపితే కాసేపటికి రెండూ దిగబడి ఉంటాయి. తెలిసినవాడు రెండోదాన్ని పుంత మీదే ఆపి, పొడుగాటి తాడు తెమ్మంటాడు.

రెండో ప్రశ్న, బరువు ఎవరి మీద పడాలన్నది, మోటారు కార్లు వచ్చాక గాని తలెత్తలేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సైకిళ్లు తయారుచేసే అలెగ్జాండర్ వింటన్ 1898లో కార్లు అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్లలో జేమ్స్ వార్డ్ ప్యాకర్డ్ ఒకడు. కారు తీసుకుని సొంత ఊరు వారెన్‌కు బయలుదేరితే అది దారిలోనే మొరాయించింది. చివరికి గుర్రాలు కట్టి ఇంటికి ఈడ్పించుకోవాల్సి వచ్చింది. మండిపడ్డ ప్యాకర్డ్ మరుసటి ఏడే సొంతంగా కార్లు కట్టాడు. ప్యాకర్డ్ అన్న పేరు అమెరికాలో దశాబ్దాల పాటు విలాసానికి మారుపేరైంది. చెడిపోయిన బండి ఒక్కటి ఇంత పని చేసింది!

వింటన్ చిక్కు వేరు. దూరాన ఉన్న కొనుగోలుదారుకు కారును నడిపి పంపితే చేరేసరికే పాతబడిపోతుంది. అందుకని కారును మోసే బండి ఒకటి కట్టాడు. దానికి వెనక మాత్రమే చక్రాలుంటాయి. ముందు భాగం లాగే కారు వెనక భాగం మీద ఆనుతుంది. వాలుపలకల మీదుగా కొత్త కారును పైకి తోసి, కదలకుండా కట్టేవారు. ట్రాక్టర్‌ను ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడు ఈనాటికీ మనం చేసేది ఇదే.

ఇదే ఆలోచన డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి చేతిలో వ్యాపారమైంది. 1914లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి ఆయన దగ్గరికి ఓ కోరికతో వచ్చాడు. ఎండాకాలం సరదాకు తన పడవను ఎగువ మిషిగన్‌లోని సరస్సు దాకా తీసుకెళ్లాలి. ఫ్రూహాఫ్ రెండు చక్రాల ట్రెయిలర్ కట్టి, ఫోర్డ్ మోడల్ టీ కారుకు తగిలించాడు. పడవ క్షేమంగా చేరింది. అది చూసిన సిబ్లీ కలప మోయడానికి కూడా అలాంటివే కట్టిపెట్టమన్నాడు. 1918కల్లా ఫ్రూహాఫ్ ట్రెయిలర్ కంపెనీ ఏర్పడింది. గుర్రం తన వీపు మీద మోసేదానికంటే బండికి కడితే చాలా ఎక్కువ లాగుతుంది, మోటారు కూడా అంతే అన్నది ఆ కంపెనీ ఊరూరా చాటిన మాట. బరువులో కొంత లాగే బండి మీద, మిగతాది ట్రెయిలర్ ఇరుసు మీద పడుతుంది. లాగే బండి చక్రాలకు పట్టు దొరకడానికి ఆ కొంత బరువే ఆధారం. గుర్రపు బగ్గీల ముందు ఇరుసు తిరగడానికి వాడిన గుండ్రటి పలకను మెరుగుపరచి, లారీకీ ట్రెయిలర్‌కూ మధ్య కీలుగా అమర్చడంతో ఈ జోడీ ఏ మలుపులోనైనా తిరిగే వీలు కలిగింది.

ఇంతవరకూ మోసినవి చెడిపోని సరుకులే. చెడిపోయినదాన్ని ఎత్తడం మీద బుర్ర పెట్టినవాడు ఎర్నెస్ట్ హోమ్స్. టెన్నెసీ రాష్ట్రం చట్టనూగాలో ఆయనకొక గ్యారేజీ ఉండేది. 1916లో, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన ప్రొఫెసరు కారు చికమాగా వాగులోకి బోల్తా కొట్టింది. హోమ్స్ కొంతమందిని పోగుచేసుకుని, దిమ్మెలు, తాళ్లు పట్టుకుని వెళ్లాడు. కారును ఒడ్డుకు చేర్చేసరికి గంటలకు గంటలు పట్టింది. ఎవరైనా ఆ రాత్రికి వేడినీళ్లు కాచుకుని పడుకునేవారు. హోమ్స్ మాత్రం పాత 1913 మోడల్ క్యాడిలాక్ కారు చట్రం మీద మూడు స్తంభాలు, ఒక కప్పీ, ఒక గొలుసు బిగించే పనిలో పడ్డాడు.

మొదటి ప్రయత్నంలోనే అసలు గుట్టు బయటపడింది. గొలుసుతో బరువును ఎత్తబోతే ఎత్తే బండే ఒరిగిపోసాగింది. లాగే బలానికి లోటు లేదు, నిలబడే బలమే కరువైంది. అప్పుడు ఇరువైపులా నేలకు ఆనే కాళ్లు పెట్టాడు. తర్వాత ఎత్తే చేతులను రెండుగా విడగొట్టాడు. ఒక చేతి తాడును రోడ్డుకు ఇవతలి చెట్టుకు కట్టి, రెండో చేతి తాడుతో లోయలో ఉన్న కారును లాగితే బండి మధ్యలో కదలకుండా నిలుస్తుంది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే. ఇంకెవరైనా అయితే ఇంకా బరువైన బండి కోసం వెతికేవారు, ఆయన మాత్రం పక్కనున్న చెట్టును పనిలో పెట్టుకున్నాడు. ఆయన మొదట అమ్మిన నమూనా ఖరీదైంది. ధర తగ్గించి తెచ్చిన 485 నమూనా గ్యారేజీల్లో పాతుకుపోయింది. ఆ అంకె దాని డాలర్ల ధరే. చట్టనూగాలో ఇప్పుడు ఈ వృత్తికి అంతర్జాతీయ మ్యూజియమే ఉంది.

మూడో ప్రశ్నను ముందుకు తోసింది రెండో ప్రపంచ యుద్ధం. ట్యాంకును దాని ఇనుప పట్టాల మీదే వందల మైళ్లు నడిపిస్తే యుద్ధభూమి చేరేలోపే పట్టాలు అరిగిపోతాయి. దెబ్బతిన్న ట్యాంకు ఎడారిలో నిలిచిపోతే దాన్ని ముందు ఎవరు తీసుకుపోతే వారిది. బ్రిటిషువారు అమెరికాను అడిగి తెప్పించుకున్న డైమండ్ టీ 980 లారీ, దాని వెనక 45 టన్నులు మోసే 24 చక్రాల ట్రెయిలర్ ఈ పనికే పుట్టాయి. రోజర్స్ కంపెనీ గీసిన నమూనా అది. లారీ క్యాబిన్ వెనకే పెద్ద వించ్ ఉండేది. తాడును ట్రెయిలర్ పలక మీదుగా వెనక్కి పంపి, చచ్చిన ట్యాంకుకు తగిలించి, వాలుపలకల మీదుగా మెల్లగా పైకి లాక్కునేవారు. లాగేవాడు గట్టి చోట ఉన్నాడు, బరువు ఇరుసుల మీద పరుచుకుంది, పలక వీలైనంత కిందికి దిగింది. డైమండ్ టీ కంపెనీదే 969 రకం లారీ మీద హోమ్స్ రెండు చేతుల క్రేను ఎక్కింది. యుద్ధం ముగిశాక మిగులు డైమండ్ టీ లారీలను ఇంగ్లండులోని భారీ రవాణా కంపెనీలు కొనుక్కుని, బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మోయించాయి.

పలక కిందికి దిగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని లెక్క చూడండి. రెండు టన్నుల ట్రాక్టర్‌ను నాలుగు అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద లాగాలంటే దాదాపు అర టన్ను లాగుడు కావాలి. గాలి లేని టైర్ల రాపిడి దానికి అదనం. పలక ఎత్తు సగమైతే, అంతే పొడుగు వాలుపలకతో ఆ లాగుడు దాదాపు సగానికి పడిపోతుంది. మధ్యలో ఒక కప్పీ వేస్తే వించ్ మీద పడేది మళ్లీ సగం. తర్వాతి కాలంలో వచ్చిన లోబెడ్లలో కొన్నిటికి ముందున్న మెడ విడిపోయి, పలక మొన నేలను తాకుతుంది. యంత్రం ముందు నుంచే పైకి ఎక్కుతుంది.

మన ఊళ్లలో ఈ పని తిరగేసి చేస్తారు. పలకను దించలేనప్పుడు ట్రక్కును పల్లంలోకి దింపి, వెనక భాగాన్ని కాలువ గట్టుకు ఆనిస్తారు. గట్టూ పలకా సమమైపోతాయి. ట్రాక్టర్‌ను చైన్ కప్పీతో లాగి లోపలికి చేరుస్తారు. హోమ్స్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు. హెచ్ఎంటీ జీటర్ లాంటి పాత బండ్లకు ఈ యోగం తరచూ పడుతుంది. ఎందుకంటే హెచ్ఎంటీ ట్రాక్టర్ విభాగం మూసివేతకు కేంద్రం 2016లోనే ఆమోదం తెలిపింది. విడిభాగాలు దొరికే చోటుకు బండినే మోసుకెళ్లాలి.

ఎక్కించాక కూడా కొంత శ్రద్ధ కావాలి. ట్రాక్టర్ బరువులో ఎక్కువ పాలు వెనక ఇరుసు మీద ఉంటుంది. అది ట్రెయిలర్ ఇరుసుకు వెనక పడితే లాగే బండి వెనక భాగం పైకి తేలుతుంది, ట్రెయిలర్ రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడేలా జరపాలి. నాలుగు మూలలా గొలుసులు బిగించి, చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టి, పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి బిగింపు చూసుకోవాలి.

ఎంత తొందరైనా వించ్ తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వెంబడి ఎవరినీ నిలబడనివ్వకండి, దాటనివ్వకండి. తెగిన ఉక్కు తాడు ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు. చూడ్డానికి మూగిన పిల్లల్ని ముందుగా ఇంటికి పంపించేయండి.