మెదకు మెథడిస్టు సంఘము

మెదకు పట్టణమునకు పోవువారికి రెండు దూరమునుండియే కనబడును. ఒకటి కాకతీయులనాటి కొండకోట. రెండవది 175 అడుగుల యెత్తున నిలిచిన చర్చి గోపురము. కోటను గూర్చి మన పెద్దలు ఎన్నియో కథలు చెప్పుదురు. చర్చిని గూర్చి మాత్రము “ఒక దొర కట్టించెను” అని ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఆ గుడిని నింపిన జనుల చరిత్ర ఆ మాటలో ఇమడదు. గ్రంథాలయ సంచికలో మతప్రసంగమేల యని చదువరులు శంకింపవలదు. ఇది పల్లెల చరిత్రయే.

‘మెథడిస్టు’ అనునది మొదట ఎగతాళి పేరు. 18వ శతాబ్దమున ఆక్సుఫర్డులో వెస్లీ సోదరులు, వారి మిత్రులు వేళ తప్పక ప్రార్థనయు, పఠనమును, చెరసాలలోని వారిని దర్శించుటయు వ్రతముగా పెట్టుకొనిరి. తోడి విద్యార్థులు వీరిని ‘పద్ధతివారు’ అని నవ్విరి. ఆ పేరే స్థిరపడినది. తరువాత జాన్ వెస్లీ తన యనుచరులను పండ్రెండుగురేసి చొప్పున చిన్న కూటములుగా ఏర్పరచి, ఒక్కొక్క దానికి ఒక నాయకుని నియమించెను. ఆ నాయకుడు గురుపట్టము పొందినవాడు కానక్కరలేదు; సామాన్యుడైనను చాలును. ఈ యేర్పాటు మన పల్లెలకు చక్కగా అతికినది. పాదిరిగారు ఎప్పుడో ఒకనాడు గుఱ్ఱముపై వచ్చిపోయినను, ఊరి ఉపదేశి సంఘమును నిలుపగలిగెను.

నిజాము రాజ్యమున ఈ వెస్లియను మిషను పనిని 1880 ప్రాంతమున సికింద్రాబాదులో ప్రారంభించినవాడు విలియం బర్జెస్సు. చార్లెసు వాకరు పాస్నెట్టు 1895లో వచ్చెను. దండులోని ఆంగ్ల సిపాయిలకు బోధకుడుగా ఉండుట ఆయనకు తృప్తి నీయలేదు. పల్లెజనులను వెదకుచు గుఱ్ఱమెక్కి మెదకు చేరెను. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్టు రోగుల సేవకు పూనుకొనెను.

సంఘమున చేరినవారిలో మాల మాదిగలు పెక్కుమంది. వెట్టిలో పుట్టి వెట్టిలో గిట్టువారు. ఊరి బావి నీటికి నోచుకొననివారు. రాజ్యమున పైచదువులు ఉర్దూలో సాగుచుండగా తెలుగు బడి అపురూపముగా నుండెను. ఉపదేశి కేవలము ప్రార్థన చేయించువాడు కాడు, ఓనమాలు దిద్దించువాడును ఆయనయే. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసినది. సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ 1930లో ఈ మెదకు జిల్లాలోని జోగిపేటలోనే జరిగినది. ఆ సభకు పూర్వమే ఇదే జిల్లాలో తెలుగు పుస్తకము చేతబట్టి చదివిన మాల మాదిగలు కలరు. మన గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పువారు ఈ సంగతిని కూడ తలపవలెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున మెదకు సీమలో ఘోరమైన కరవు వచ్చినది. ఊరక అన్నము పెట్టి పంపుటకంటె పని కల్పించి కూలి నిచ్చుట మేలని పాస్నెట్టు తలచెను. ఆ పనియే ఈ గుడి. రాళ్లు మోసి, సున్నము కలిపి, స్త్రీపురుషులు దాని వలన బ్రదికిరి. 1914లో మొదలైన కట్టడము పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది.

ఇచ్చట ఒక నిందను విచారింపక తప్పదు. “వారు కూటికై మతము మార్చుకొనిరి” అని నేటికిని అనువారు కలరు. ఆకలికి ఇందులో పాలు లేదని నేననను. మాలవాడలో ఆకలి లేని దినమేది? కాని కరవు రాక పూర్వమే ఇచ్చట సంఘము కలదు. కరవు తీరిన పిదపను అది చెదరలేదు. అన్నమునకై మాత్రమే వచ్చినవాడు గింజలు దొరికిన నాడు మరలిపోవలసినదే కదా! వారిని నిలిపినది చాపమీద సరిసమానముగ కూర్చుండు హక్కు. మాల మాదిగ భేదము గుడిలోపలను పూర్తిగ సమసిపోలేదనుటయు నిజమే. ఆ లోపమును దాచరాదు.

చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల అయిదువేలమంది కూర్చుండవచ్చును. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రించిన మూడు రంగుటద్దముల కిటికీలు ఫ్రాంకు సాలిస్బరీ అను ఆంగ్ల చిత్రకారుని రచనలు. వానిని పగటియందే చూడవలెను. వెలుపలి సూర్యకాంతి సోకిననేగాని ఆ బొమ్మలు పలుకవు.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికను, మెథడిస్టు, ఐక్య సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనవి. నాటితో మెదకు సంఘమునకు మెథడిస్టు నామము తొలగినది. అమెరికా దేశపు మిషను వలన ఏర్పడిన మెథడిస్టు సంఘములు మాత్రము ఆ ఐక్యతలో చేరక, పాత పేరుతోనే నిలిచినవి. ఈ రెండింటిని ఒకటిగా భ్రమించువారు పెక్కుమంది.

పేరు పోయినను పాటలు పోలేదు. బాప్తిస్టు బోధకుడగు పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను ఈ వెస్లీ సంతతివారు కర్ణాటక రాగములలో పాడుదురు. కోతల పండుగనాడు పల్లెలవారు వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోడిపిల్లలు తెచ్చి పీఠము ముందుంచుదురు. ఆరాధన ముగిసిన పిమ్మట వానిని వేలము వేయుదురు.