గేదె నాలుక చేప, మన మగ్గం మాటలు

ఈసారి ఒక చేప చరిత్ర రాస్తున్నాము. చివరికి మగ్గం దగ్గరికే వస్తాము, ఓపికగా చదవండి.

మేము చదివింది తమిళ మీడియం. పలకలా చదునుగా ఉండే ఒక సముద్రపు చేపను తమిళంలో 'ఎరుమై నాక్కు' అంటారు, అంటే గేదె నాలుక. జర్మనీలో బ్లాక్ మొదలుపెట్టి, ఆయన పోయాక ష్నైడర్ 1801లో అచ్చు వేసిన చేపల గ్రంథంలో దీనికి ఆ 'ఎరుమై' మాటతోనే పేరు పెట్టారు. నేటికీ శాస్త్రంలో అది 'సెట్టోడిస్ ఎరుమీ'.

మన తెలుగుకూ అటువంటి గౌరవం దక్కింది. కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపల బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో 200 చేపల పుస్తకం వేశాడు. జాలరుల నోటి పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులోని 'పలాస' మన పులసే. పేర్లు మిగిలాయి, చెప్పిన జాలరులెవరో మనకు గుర్తులేదు.

ఇక చదును చేప విద్య చూడండి. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే నిలువుగా ఈదుతుంది, కళ్ళు రెండు పక్కలా ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను రెండో పక్కకు జరుగుతుంది. అప్పుడు ఇసుక మీద పడుకుని ఆ ఇసుక రంగే తెచ్చుకుంటుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు సమ్నర్ ఈ చేపలను మన చద్దరులాంటి గళ్ళ మీద పెట్టి పరీక్షించి 1911లో ప్రకటించాడు. చూపు లేని చేప రంగు మార్చలేకపోయింది. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ బృందం 1996లో, కొన్ని చేపలు 2 నుంచి 8 సెకన్లలోనే మారతాయని చూపింది. అయితే మారేది పై పక్కే. అడుగు పక్క మామూలుగా తెల్లగానే ఉంటుంది.

మనమూ అంతే కదా! తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చిన మన పెద్దలు బజారులో మరాఠీ అయ్యారు, ఇంట్లో తెలుగుగానే ఉన్నారు. మేము బడిలో తమిళమయ్యాము, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాము. అందులో సిగ్గుపడేదేమీ లేదు, బతుకుతెరువు. కానీ మా మనవడిని 'నాడె' అంటే ఏమిటని అడిగితే మా మొహం చూశాడు. అడుగు పక్క కూడా రంగు మారుతోందని భయం వేసింది.

అందుకే భవాని పేట్ పెద్దలను ఒకటి కోరుతున్నాము. పడుగు, పేక, కండె, ఆసు, ఇంకా మీకు తెలిసిన మగ్గం మాటలన్నీ చెప్పండి, మేము రాసుకుంటాము. ఈసారి చెప్పినవారి పేరు కూడా పక్కనే రాస్తాము.

మా తెలుగులో తప్పులుంటే మన్నించి దిద్దండి.