హుక్కులే మిగిలాయండీ

2025 ఆగస్టు 6, బుధవారం. తెల్లవారుజామున అయిదు కాలేదు. ఎల్లుండే వరలక్ష్మీ వ్రతం. విజయవాడ సత్యనారాయణపురంలో మా ముందుగది ఇది. చెప్పులు గుమ్మం బయట విడవండి, కింద సూదులుంటాయి, చూసుకుని అడుగేయండి. ఎడంవైపు మిషను, కుడివైపు కటింగు బల్ల. బల్ల కింద సంచిలో పదకొండు జాకెట్టు ముక్కలు, ఒక్కోదానికీ ఆది జాకెట్టు చుట్టి, పైన చీటీ. ఒక్కదాని మీదా ఇంకా కత్తెర పడలేదు.

నిన్నంతా ఏం చేశానంటారా? మిషనుకి నూనె వేశాను. బాబిన్లన్నీ చుట్టాను. దారం రీళ్ళు రంగుల వరసన సర్దాను, లేత పసుపు పక్కన ముదురు పసుపు. చూసేవాళ్ళకి పని చేస్తున్నట్టే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. మధ్యాహ్నం పక్కవీధి పిన్నిగారు ఫోను చేశారు.

"ఏమ్మా, నా జాకెట్టు ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టేనండీ పిన్నిగారూ. హుక్కులే మిగిలాయండీ."

కుట్టుపని చేసేవాళ్ళందరం ఆడే అబద్ధమే ఇది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పట్టుముక్క సంచిలో మడత కూడా విప్పకుండా ఉంది.

షాపులో జీతానికి కుట్టిన రోజుల్లో నాకీ వాయిదాల జబ్బు లేదు. మాస్టరు కత్తిరించి పడేసేవాడు, నేను కుట్టేదాన్ని. ఇంట్లో సొంతంగా మొదలెట్టాక గాని తెలియలేదు, కుట్టమంటే రాత్రి ఒంటిగంటదాకా కుడతాను, కత్తిరించమంటేనే చెయ్యి రాదు. చీరతో వచ్చే ముక్క 80 సెంటీమీటర్లు. అంచు చేతులకి రావాలి కాబట్టి ముందు చేతులు తీయాలి, తర్వాత వీపు, మిగిలినదాంట్లో ముందు భాగాలు క్రాసులో సర్దాలి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే ఆ చీర నేసిన మగ్గం దగ్గరికి పోయినా అలాంటి ముక్క దొరకదు.

రాత్రి పది దాటాక చేసిన ఒకే ఒక్క అసలు పని, మూడు లైనింగులు బకెట్లో నానేయడం. కాటన్ లైనింగు తడపకుండా వేస్తే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి పట్టుని లాగేస్తుంది. తడపడానికి ధైర్యం అక్కర్లేదు, కొలతలూ అక్కర్లేదు. కానీ తడిపిన గుడ్డ మనల్ని ఊరికే కూర్చోనివ్వదు. పిండాలి, ఆరేయాలి. వానాకాలం కదా, గదిలోనే ఫ్యాను కింద తాడు కట్టాను. ఇదిగో, మీ తలకి తగులుతున్నవి అవే. ముట్టుకోండి, అంచుల్లో ఇంకా చెమ్మ.

ఇస్త్రీపెట్టె వేడెక్కింది. గంజి వాసనతో ఆవిరి లేస్తోంది. సాపు చేసిన లైనింగు మడిచి బల్ల మీద పరిచాక, దాన్నలా వదిలేసి టీ పెట్టుకోవడానికి మనసొప్పడం లేదు. దానిమీద ఆది జాకెట్టు. సుద్ద. ఛాతీ 36, నాలుగో వంతు 9, కుట్టుకి అర, లోపల విడుపుకి ఒకటిన్నర. లైనింగే కదా, తప్పితే వస్త్రలత బట్టల మార్కెట్టుకి పోయి ఇంకో మీటరు తెచ్చుకుంటే సరి. కత్తిరించేశాను. చెయ్యి వణకలేదు.

ఇప్పుడు ఆ తెగిన లైనింగునే పట్టుముక్క మీద పెడుతున్నాను. గుండుసూదులు కుట్టు లోపలికి పోయేచోటే గుచ్చాలి, పట్టు మీద సూది పడ్డ గుర్తు పోదు. ఎర్ర పట్టు, జరీ అంచు, మామిడిపిందెలు. బయట పాలబండి ఆగి వెళ్ళింది. ఇదివరకు మా పేటలోంచి రైళ్ళు వెళ్ళేవి. పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశాక ఆ కూత లేక... చూశారా, మళ్ళీ పక్కదారి.

కత్తెర పట్టాను. పట్టు తెగే చప్పుడు కాటన్‌లా ఉండదు, సన్నగా కిర్రుమంటుంది. జరీ దగ్గర కాస్త మొరాయించి, ఇంకొంచెం నొక్కితే దాటేస్తుంది. ఒక చెయ్యి. రెండో చెయ్యి. వీపు.

ఎనిమిదింటికి ఫోను మోగింది.

"హుక్కులు అయ్యాయా అమ్మా?"

"లేదండీ పిన్నిగారూ. ఇప్పుడే కత్తిరించాను."

అవతల కాసేపు మాట లేదు.

"మరి నిన్న హుక్కులన్నావు?"

"అన్నానండీ."

"సరేలే. రేపు సాయంత్రానికి మాత్రం నా చేతిలో ఉండాలి."

ఫోను పెట్టేసి, మిషను మీద కూర్చునే ముందు, ఇంకో మూడు లైనింగులు బకెట్లో పడేశాను.